ఏదుల బిలంలో రెండు రకాల అడుగులు

“ఆగు నాయనా! ఈ అడుగులు నీవేనా?”

పాలవంక ఇసుకలో గొంతుక్కూర్చున్న ఆడమనిషి అలా అడిగేసరికి శేషఫణి ఆగాడు. దారికి సరిగ్గా అడ్డంగా కూర్చుంటే ఆగక ఏం చేస్తాడు! పొద్దున్నుంచి ఆ వాలు ఎక్కి దిగడం అతనికి నాలుగోసారి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. అటవీశాఖలో పులుల జాడ తీసే చెంచు మనిషి. ఖాకీ చొక్కా మీద ‘ఈదమ్మ’ అని పేరు కుట్టి ఉంది.

“నావేనమ్మా.”

“రెండూ నీవేనా? ఎడమది ఒక రకం, కుడిది ఒక రకం ఉండాయే!”

శేషఫణి తన కాళ్ల వంక చూపించాడు. కుడికాలికి నీలంరంగు కొత్త షూ, ఎడమకాలికి వెలిసిపోయిన పాత షూ. కొండదారుల్లో పరుగెత్తేవాళ్ల కోసం షూలు తయారుచేసే ఒక కంపెనీలో అతనికి పరీక్షించే ఉద్యోగం. కొత్త షూ రెండొందల పది గ్రాములు. చేతిలో పెడితే జామకాయంత బరువు. అది గులకరాళ్ల మీద ఎలా ఉంటుంది, బురదలో ఎలా ఉంటుంది, తడిరాయి మీద నిలుస్తుందా జారుతుందా అని పరుగెత్తి చూసి రాయాలి. ఒక కాలికి పాతది వేసుకుంటేనే రెండోకాలి కొత్తదానికీ దానికీ తేడా తెలుస్తుంది. పద్నాలుగేళ్లుగా అతని రెండు కాళ్లూ ఒకే జత ఎరగవు. లోకంలో ఎన్ని రకాల బతుకుతెరువులు లేవు!

ఈదమ్మ అంతా విన్నది. మళ్లీ ఒకసారి ఇసుకలోని రెండు అడుగుల వంక చూసింది.

“మీ ఆపీసోళ్లంతా ఇట్టనే తొడుక్కుంటారా?”

“పరీక్షకు పరుగెత్తేవాళ్లమంతా ఇట్లాగే.”

“మూడేండ్ల కిందట ఈ అడివిలో తప్పిపోయినాయన గూడానా?”

ఆ మాటతో శేషఫణికి కాళ్ల కింద ఇసుక కదిలినట్టయింది. ఆ తప్పిపోయిన మనిషి నరహరి. కంపెనీలో అతనితో జంటగా పరుగెత్తేవాడు, ఇంట్లో అక్క సుభద్రకు మొగుడు, వరసకు బావ. పరీక్షకు ఎప్పుడూ ఇద్దరూ కలిసి వెళ్లాలన్నది ఆఫీసు నియమం. ఆ రోజు మాత్రం శేషఫణి వెళ్లలేదు. బావ తనకు చెప్పకుండా వేరే కంపెనీవాళ్లతో మాట్లాడుతున్నాడని ఎవరో చెవిలో వేశారు. కోపం వచ్చి, మడమ నొప్పి అని సాకు చెప్పి మంచం దిగలేదు. నరహరి నమూనా జత తీసుకుని ఒంటరిగా వచ్చాడు. తిరిగి రాలేదు. అతని సొరుగులో ఆ అవతలి కంపెనీ కార్డు దొరికింది. మూడో రోజు మేనేజరు ఒక కాగితం ముందుకు తోశాడు: నరహరి అడవిలో తప్పిపోలేదు, నమూనా జతతో అవతలి కంపెనీకి వెళ్లిపోయి ఉంటాడని. రోషంలో ఉన్న శేషఫణి సంతకం గీకేశాడు. సాయంత్రానికి వెతుకులాట ఆపేశారు. సుభద్ర తలుపు ఆ రోజు మూసుకుంది, తమ్ముడికి మళ్లీ తెరుచుకోలేదు. అప్పటినుంచి ఒంటరిగానే పరుగెత్తుతున్నాడు, ఒంటరిగానే వండుకు తింటున్నాడు. పండగ రోజు కూడా ఫోను మోగని ఇల్లు అతనిది.

“ఎందుకడుగుతున్నావు?” అన్నాడు.

“నాకప్పుడు పోలీసాయన ఒక కాయితం సూపిచ్చినాడు నాయనా. సోలు బొమ్మ ఉండె దాంట్లో. ఈ గుర్తు యాడన్నా పడిందేమో సూడు అన్నాడు. ఇదే వంకలో, వాన తగలని బండ చాటున సూసినా. కుడికాలిది ఆ గుర్తే. ఎడమకాలిది వేరే. ఒక మనిషి రెండు రకాలు తొడుక్కుంటాడని నాకేం తెల్సు? ఎవురో ఇద్దరు కుంటోళ్లు పోయినట్టుండాదని నవ్వుకుంటి. ఆయన అడుగులు గావని చెప్తి.”

ఆ కాగితం ఇచ్చింది శేషఫణే. నమూనా సోల్ ఫోటో తీసి పోలీసులకు పంపింది అతనే. ఎడమకాలికి పాత షూ ఉంటుందని చెప్పాలని తోచనే లేదు. రోజూ అన్నం కుడిచేత్తో తింటానని ఎవరైనా ప్రత్యేకంగా చెబుతారా? అంత అలవాటు! ఆ అలవాటే కొంప ముంచింది.

“మొన్న మళ్లీ సూసినా,” అంది ఈదమ్మ మెల్లగా. “ఏదుల బిలంలో. బిలం లోపల మడుగుంటాది, ఎవురూ దాటరు. ఈ ఎండలకు మడుగు ఇంకిపోయింది. ఏదుపంది ముండ్ల కోసమని లోపలికి పోతి. మడుగు అవతల, నీళ్లు ఎక్కని మెరక మీద, బంకమన్నులో అవే అడుగులు. ఒకే మనిషివి. ఎడమది వేరే, కుడిది వేరే.”

“బయటికి వచ్చిన అడుగులు?”

ఈదమ్మ తల అడ్డంగా ఊపింది. “లోపలికి పోయినవే ఉండాయి.”

*

వెళ్లాలంటే తాడు కావాలి, లైట్లు కావాలి. ఆ రెండూ ఉన్నవాడు చింతలపెంట గూడెంలో వారం రోజులుగా తిష్ఠవేసి ఉన్నాడు. పేరు కంబగిరి. సర్వే శాఖలో భూమి కొలిచే గొలుసులు లాగి రిటైరైన మనిషి. వాళ్ల తాత వదిలిపోయిన గుడ్డపటం ఒకటి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, గుండ్లకొండ పాలెగాడు దాచిన బంగారం ఏదుల బిలంలోనే ఉందని నలభై ఏళ్లుగా నమ్ముతున్నాడు. బిలంలోకి తీసుకుపొమ్మని ఈదమ్మ ప్రాణం తోడేస్తున్నాడు. ఆమె ససేమిరా అంటూ వచ్చింది. ఈ రోజు ఆమే వచ్చి పదమనేసరికి ముసలాయన ఎగిరి గంతేశాడు.

“మడుగెండిన యేడే దారి తెరుచుకుంటాదని పటంలో రాసి ఉండాది అబ్బీ! నలభై ఏండ్లలో ఈ మడుగు ఎండింది రెండే సార్లు. మూడేండ్ల కిందట ఎండినప్పుడు నాకు కంటి ఆపరేషను. తలరాత సూడు!”

“నేను బంగారం కోసం రావట్లేదు సార్.”

“నువ్వు దేనికోసమొచ్చినా తాడు మోస్తే సాలు!”

ముగ్గురూ బయల్దేరారు. వెదురు పొదలు దాటి, ఎండిన వాగుల్లో పడి, ఎర్రటి కంకర వాలు ఎక్కారు. గాలి లేదు, ఒక్క పిట్ట అరవడం లేదు. ఎంత దుఃఖంలో ఉన్నా శేషఫణి పాదాలు తమ పని మానలేదు. కంకర మీద కొత్త షూ పట్టు బాగుంది. ఎండుటాకుల వాలు మీద పాతదానికంటే ఒక అర అడుగు ముందే ఆగుతోంది. అయితే సోల్ మరీ పలచన. ప్రతి రాయీ అరికాలికి ‘నేనున్నా’ అని చెబుతోంది. రేగుముల్లు ఒకటి షూ పక్కనున్న గుడ్డలోంచి సూటిగా చిటికెన వేలికి దిగింది. అతను కుంటుతూనే చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

కంబగిరి పకపకా నవ్వాడు. “నిధికి పోతా చెప్పులకు మార్కులేసేవాణ్ణి నిన్నే సూస్తాండా! ఏమ్మా ఈదమ్మా, నీ కాళ్లకెన్ని మార్కులేస్తాడో అడుగు.”

ఈదమ్మ ఉత్తకాళ్లతో నడుస్తోంది. “నా సోలు అరిగితే మల్లీ అదే పుట్టుకొస్తాది,” అంది నవ్వకుండా.

బిలం నోరు ఒక పెద్ద బండ కింద నక్కి ఉంది, మనిషి వంగితేనే పడతాడు. లోపలికి దూరగానే గబ్బిలాల కంపు గుప్పున కొట్టింది. లైటు వెలుగులో వందల గబ్బిలాలు కదిలాయి. “తల దించండి!” అని ఈదమ్మ కేకేసింది. పొట్ట మీద పాకుతూ ఎండిన మడుగు దాటారు. కప్పు అక్కడ ఎంత కిందికి ఉందంటే కంబగిరి బట్టతల రెండుసార్లు గీరుకుంది. మడుగు అవతల మెరక. ఈదమ్మ లైటు కిందికి దించి పక్కకు జరిగింది.

బంకమన్నులో అడుగులు నిన్న మొన్న వేసినట్టున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఎడమ అడుగులో మడమ దగ్గర ఒక మూల అరిగి ఉంది. నరహరి నడక అంతే, ఎడమ మడమ బయటివైపు తొక్కుతాడు. ఎన్ని జతలు అలా పాడుచేశాడని ఆఫీసులో తను ఎంత ఏడిపించేవాడు! శేషఫణి మోకాళ్ల మీద కూర్చుని ఆ మూలను వేలితో తాకాడు. మన్ను చల్లగా ఉంది.

“పా నాయనా,” అంది ఈదమ్మ.

అడుగులు ఒక ఏటవాలు పలక దాకా వెళ్లి ఆగిపోయాయి. పలక మీద నీటి చెమ్మ. దాని చివర రెండు నిలువుల లోతు గొయ్యి. కిందనుంచి మసక వెలుగు వస్తోంది. చాలా ఎత్తున కప్పులో ఎక్కడో సందు ఉన్నట్టుంది. పలక అంచున కుడికాలు జారిన గీత ఒకటి, మూడేళ్లుగా పట్టిన పాచిలో కూడా కనిపిస్తోంది.

తాడు కట్టడానికి ఒక్క రాయి కూడా లేదు, అంతా నున్నగా ఉంది. ఈదమ్మ పలక మొదట్లో ఒక చీలికలో కాళ్లు తన్నిపెట్టి తాడు నడుముకు చుట్టుకుంది.

“మాలో తేనెకు కొండ దిగితే తాడు బావమర్ది పట్టుకుంటాడు,” అంది ముడివేస్తూ. “సొంత అన్నదమ్ముల్ని గూడా నమ్మరు. బావమర్దైతే తోడబుట్టిందాని తాళి తెగనీడు, సచ్చినా వదలడు. ఇంతకీ ఆయన నీకేమయితాడు? ఆపీసోడేనా?”

“మా అక్క మొగుడు,” అన్నాడు శేషఫణి.

ఈదమ్మ అతని ముఖంలోకి చూసింది. తాడు గట్టిగా లాగి, “దిగు,” అంది.

*

కింద గది విశాలంగా ఉంది. పైన సందులోంచి పడుతున్న వెలుగులో, గోడకు ఆనుకుని, నరహరి ఉన్నాడు. ఉన్నాడనడానికి మిగిలింది ఎముకలు, చిరిగిన చొక్కా, కాళ్లకు ఆ రెండు రకాల షూలు. నమూనా జతతో పారిపోయాడన్న మనిషి ఆ నమూనాను మూడేళ్లుగా కాలికి తొడుక్కునే ఉన్నాడు. కుడికాలి ఎముక మధ్యలో విరిగి ఉంది.

శేషఫణి అక్కడే కూలబడ్డాడు. “బావా!” అన్నాడు. ఆ గదిలో ఆ మాట రెండుసార్లు తిరిగింది. వెనకే తాడు పట్టుకుని దిగిన కంబగిరి భుజం మీది తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు.

పక్కన, నీళ్లు ఎక్కని రాతి గూట్లో చిన్న పుస్తకం ఉంది, సరిగ్గా శేషఫణి జేబులో ఉన్నలాంటిదే. అందులో పెన్సిలు రాత.

“వడగళ్ల వాన. బిలంలోకి వచ్చాను. లోపల తడిరాయి కనిపించింది. పరీక్షకు ఇంతకంటే మంచి చోటు దొరకదని ముందుకు వెళ్లాను. నాదే తప్పు. కుడి షూ నిలవలేదు. కాలు విరిగింది. బయట మడుగు నిండిన చప్పుడు.”

“రెండో రోజు. పైన సందు ఉంది కాబట్టి పగలూ రాత్రీ తెలుస్తున్నాయి. నీళ్లు కావలసినన్ని. శేషు రేపు వచ్చేస్తాడు.”

“మూడో రోజు. పైన కుక్కలు మొరిగాయి, మనుషుల మాటలు వినిపించాయి. గొంతు పగిలేలా అరిచాను. వినలేదు. పోనీలే, మళ్లీ వస్తారు. శేషు దారి పట్టుకుంటాడు.”

శేషఫణికి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ రోజు పొద్దున వెతికేవాళ్లు పైన తిరిగారు. ఆ మధ్యాహ్నమే తను సంతకం పెట్టాడు. మర్నాడు ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు, రానక్కరలేదని సొంత బావమరిదే రాసిచ్చాక! కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఆరో రోజు, తొమ్మిదో రోజు. “మూలన రెండు రాగి బిందెలు. పాకుతూ పోయి ఒకటి తెరిచాను. బంగారు నాణేలు. తినడానికి పనికిరావు.” ఆ తర్వాత గీతలు మాత్రమే ఉన్నాయి, రోజుకొకటి. పంతొమ్మిదో గీత దగ్గర వంకర టింకరగా చివరి మాటలు:

“షూ తేలికే గానీ తడిరాయి మీద పనికిరాదు. సోల్ మార్చేదాకా ఎవరికీ ఇవ్వొద్దు. ముఖ్యంగా శేషుకు. వాడికి మడమ నొప్పి.”

సాకుగా చెప్పిన మడమ నొప్పి! చచ్చేవాడు దాన్ని నిజమని నమ్మి, తన గురించి బెంగపెట్టుకుని చచ్చిపోయాడు. శేషఫణి పుస్తకం గుండెకు అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మూడేళ్లుగా రాని ఏడుపు అది. అవతలి కంపెనీ కార్డు సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ కార్డు సొరుగులోకి ఎందుకొచ్చిందో ఇక ఎవరూ చెప్పలేరు.

“దొరికె! అబ్బీ, దొరికెరా!” మూలనుంచి కంబగిరి కేక. అతను బిందె ముందు కూర్చుని దోసిళ్లతో నాణేలెత్తి మళ్లీ వదులుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది. “నలభై ఏండ్లు పిచ్చోడన్నారు! నా పెండ్లామే అనె! సూడు, సూడు!”

అంతలో సందులోంచి వచ్చే వెలుగు ఆరిపోయినట్టు తగ్గింది. ఎక్కడో దూరంగా ఉరుము. ఒక చుక్క, రెండు చుక్కలు, ఆపైన సందులోంచి నీళ్లు కుండలతో పోసినట్టు దిగాయి.

“వంక వస్తాంది!” పైనుంచి ఈదమ్మ అరిచింది. “నీళ్లు మడుగులోకి మళ్లినాయి! ఎక్కండి, బిరాన ఎక్కండి!”

కంబగిరి గబగబా తాడు కొస పట్టుకుని బిందె మెడకు చుట్టసాగాడు. “ముందు ఇది లాగు ఈదమ్మా!”

“మనిషి రా ముసిలోడా! బిందెకు ప్రాణముండాదా?”

శేషఫణి తాడు లాక్కుని తానే ముందు ఎక్కాడు. ఈదమ్మ ఒక్కతే కంబగిరిని లాగలేదు, పైన ఇంకో మనిషి కావాలి. పుస్తకం చొక్కాలో దోపుకుని పలక అంచున నిలబడి, తాడు భుజం మీదుగా వేసుకుని లాగడం మొదలుపెట్టాడు. పలక మీద నీళ్లు పల్చటి పొరలా పారుతున్నాయి. బరువు అతను అనుకున్నదానికి రెండింతలుంది. కంబగిరి బిందెను తువ్వాలుతో నడుముకు కట్టుకుని వేలాడుతున్నాడు.

పాత షూ నిలవలేదు. ఎడమకాలు సర్రున ముందుకు జారింది. శేషఫణి ఒక మోకాలి మీద పడ్డాడు. కుడికాలు మాత్రం, రెండొందల పది గ్రాముల ఆ పలచటి షూ, రాతిని కరుచుకుని ఆగింది. ఆ ఒక్క పాదం మీద ముగ్గురి ప్రాణాలు ఆగాయి. అయినా అంగుళం అంగుళంగా అంచుకు జరుగుతూనే ఉన్నాడు.

“సార్! బిందె వదలండి!”

“వదల్నబ్బీ! నా జన్మంతా ఇదే!”

“నేను జారిపోతున్నా సార్! తాడు మాత్రం వదలను. మీరు బిందె వదలకపోతే ముగ్గురం కిందికే!”

కంబగిరి తల పైకెత్తాడు. అంచున వేలాడుతున్న శేషఫణి ఎడమకాలు కనిపించింది. కింద, నీళ్లలో మునుగుతున్న నరహరి కాళ్లు కనిపించాయి. ముసలాయన నోరంతా తెరిచి ఒక్క బూతు తిట్టాడు, పాలెగాణ్ణో తాతనో తననో మరి. తువ్వాలు ముడి లాగేశాడు. బిందె రాతికి తగిలి నాణేలు చెదిరిన చప్పుడైంది. బరువు సగానికి సగం తగ్గిన తాడు పైకొచ్చింది, దాని కొసన ఏడుస్తున్న కంబగిరి వచ్చాడు.

మెరక దగ్గరికి పరుగెత్తేసరికి మడుగు మోకాలి లోతైంది. ఇందాక పాకిన దారిలో నీటికీ కప్పుకూ మధ్య జానెడే సందు. శేషఫణి చొక్కాలోంచి పుస్తకం తీశాడు. మూడేళ్ల నాటి కాగితం తడిస్తే ముద్దయిపోవడమే. చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

కంబగిరి తన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోని గుడ్డపటాన్ని లాగి నీళ్లలో పారేశాడు. “ఇందులో పెట్టు,” అన్నాడు. “గట్టిగా మడువు, నీళ్లు దూరకుండా.”

ఈదమ్మ ముందు, వెనక కంబగిరి, చివర శేషఫణి. ముఖాలు పైకెత్తి, ముక్కులు కప్పుకు రాసుకుంటూ, కదిలారు. కవరు శేషఫణి పళ్ల మధ్య ఉంది. లైటు ఆరిపోయింది. “నా కాలు పట్టుకో! ఇడవద్దు!” అని ముందునుంచి ఈదమ్మ గొంతు. ఒకచోట సందు పూర్తిగా మూసుకుంది. ఊపిరి బిగబట్టి మునిగారు. శేషఫణి కుడికాలు అడుగున గట్టి రాతిని వెతికి పట్టుకుని ఒక్క తోపు తోసింది, దాంతో ముసలాయనతో సహా అవతల తేలాడు. బిలం నోట్లోంచి బయటికి పడేసరికి వడగళ్లు వీపుల మీద కొడుతున్నాయి. ముగ్గురూ బండ కింద ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు.

“సందు పైనుంచి తాడు దించి ఆయన్ను బయటికి తీయొచ్చు,” అంది చివరికి ఈదమ్మ. “ఆ సందు నేను సూపిస్తా. మూడేండ్ల కిందటే సూపాల్సింది.”

“నువ్వు కాదమ్మా. నీకు సగం గుర్తు ఇచ్చినవాణ్ణి నేను.”

*

మర్నాడు ముగ్గురూ అటవీశాఖ ఆఫీసుకు వెళ్లి ఉన్నదంతా చెప్పారు. బిందెల సంగతి కంబగిరే చెప్పాడు, ఎవరూ అడక్కముందే. ఎన్ని ఉన్నాయి, ఏ మూల ఉన్నాయి అని అధికారి గుచ్చి గుచ్చి అడిగితే, “మీరే దిగి సూసుకోండి, నాకింక దానితో పనిల్యా,” అన్నాడు. పోలీసు స్టేషనులో శేషఫణి, తాను మూడేళ్ల కిందట పెట్టిన సంతకం అబద్ధమని, చూడని విషయానికి సాక్ష్యం చెప్పానని రాసిచ్చాడు. కంపెనీకి రెండు నివేదికలు పంపాడు. కొత్త షూ గురించి: కంకర మీద బాగుంది, ముళ్లకు ఆగదు, తడిరాయి మీద నిలిచింది. పాత నమూనా గురించి నరహరి మాటలే ఉన్నదున్నట్టు ఎత్తి రాశాడు. కింద పరీక్షించినవారు అన్నచోట బావ పేరు పెట్టాడు. అటునుంచి ఇంకా ఏ జవాబూ రాలేదు.

ఆ తర్వాత ఆత్మకూరు బస్సెక్కాడు.

సుభద్ర ఇంటి వరండాలో మిషను కుడుతోంది. చుట్టూ జాకెట్ గుడ్డలు. ఆమె తల ఎత్తి చూసి, మళ్లీ దించి, మిషను తొక్కడం మొదలుపెట్టింది. మూడేళ్లలో జుట్టు సగం నెరిసింది.

“అక్కా. బావ దొరికినాడు.”

మిషను ఆగింది.

అతను మెట్టు మీదే నిలబడి అన్నీ చెప్పాడు. బిలం, విరిగిన కాలు, పంతొమ్మిది గీతలు. మడమ నొప్పి సాకని చెప్పాడు. ఎడమకాలి గుర్తు చెప్పడం మరిచిపోయానని చెప్పాడు. పైన మనుషులు తిరిగిన రోజే తన సంతకంతో వెతుకులాట ఆగిందని చెప్పాడు. ఒక్కటి కూడా దాచుకోలేదు. సుభద్ర కదలకుండా విన్నది. కత్తెర చేతిలో అలాగే ఉంది.

“మూడో దినం అరిసినాడా?”

“అరిసినాడక్కా.”

“నువ్వొస్తావని రాసుకున్నాడా?”

“రాసుకున్నాడు.”

ఆమె లేచింది. తమ్ముణ్ణి దాటుకుని వీధిలోకి నడిచింది. మిట్టమధ్యాహ్నం, కొళాయి దగ్గర పది మంది బిందెలతో ఉన్నారు. సుభద్ర వీధి నడుమ నిలబడి గొంతెత్తింది.

“ఇనండమ్మా! అందరూ ఇనండి! మా ఆయన దొంగ గాడు! ఎవుర్తోనూ లేచిపోలా, ఏదీ ఎత్తుకపోలా! పనిచేస్తా పనిచేస్తా సచ్చిపోయినాడు మా ఆయన! దొంగ పెండ్లామని నన్ను పేరంటానికి పిలవనోళ్లు, నా బిడ్డ సంబంధం తప్పగొట్టినోళ్లు, అందరూ ఇనండి!”

కొళాయి పారుతూనే ఉంది. ఎవరూ కట్టలేదు. ఆమె అక్కడే నిలబడి చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శేషఫణి రెండడుగులు వేసి ఆగిపోయాడు. దగ్గరికి వెళ్లే అర్హత తనకుందో లేదో అతనికి తెలియలేదు.

కాసేపటికి ఆమే వెనక్కి వచ్చింది. చెయ్యి చాపింది. అతను పుస్తకం ఇచ్చాడు. ఆమె దాన్ని తెరవలేదు, రెండు చేతులతో పొట్టకు అదుముకుంది.

“నిన్ను నేను సమించలేను శేషూ. అడగొద్దు.”

“అడగనక్కా.”

“ఎప్పుడు తెస్తారంట ఆయన్ను?”

“గురువారం.”

సుభద్ర గుమ్మం దాటి లోపలికి వెళ్లి, తలుపు మీద చెయ్యి వేసి, మూయకుండా ఆగింది.

“పాడె పట్టేదానికి ముగ్గురే ఉండారు,” అంది. “నాలుగోవోడివి నువ్వు రావాల.”